ఒక పక్కే రంగేసిన గేటు

కొత్త సున్నం వాసనంటే మాధవికి చిన్నప్పటినుంచీ ఇష్టం. ఆ ఇంటి గడప దాటగానే మాత్రం అదే వాసనకి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గోడలకి సున్నం వేశారు, సరే. చెమ్మకి ఉబ్బి పెచ్చులూడిన చోట ఆ పెచ్చుల మీదే వేశారు. కరెంటు వైర్ల మీద వేశారు. మెట్ల పక్క గోడకి చచ్చి అతుక్కుపోయిన బల్లి ఒకటుంటే, దాన్ని తీసే ఓపిక లేక దాని మీద నుంచే బ్రష్షు నడిపించేశారు. తెల్లటి బల్లి, తోకతో సహా, గోడకి అలాగే ఉంది.

"ప్రభుత్వం వారి తనిఖీ కదమ్మా, ఇల్లంతా శుభ్రం చేయించాను" అన్నాడు ఇంటి యజమాని పూర్ణచంద్రరావు, ఆమె చూపు ఎక్కడ ఆగిందో గమనించకుండా.

"కనిపిస్తోందండీ" అంది మాధవి.

గుడివాడలో ఆమె నడిపే డిటెక్టివ్ ఏజెన్సీకి పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే కూడూ గుడ్డా. చావు కేసులు ఏడాదికొకటి వస్తే గొప్ప. నిన్న సాయంత్రం సుమ అనే అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. ఆమె భర్త రాము చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి మెరుగు పెట్టే పనివాడు. భార్యని పుట్టింట్లో ఉంచి, పెడనలో ఈ ఇంటి మొదటి అంతస్తులో, తొమ్మిదో నంబరు గదిలో, మార్కండేయులు అనే కలంకారీ అద్దకం పనివాడితో కలిసి ఉంటున్నాడు. నిన్న గురువారం పదకొండింటికి అద్దె ఇళ్ళ భద్రతా తనిఖీ వాళ్ళొచ్చి, చూసి, సంతకాలు పెట్టి వెళ్ళిపోయారు. పన్నెండూ పదికి రాము పని నుంచి వచ్చి తలుపు తీస్తే మార్కండేయులు నేల మీద చచ్చిపడి ఉన్నాడు. కుడి అరచెయ్యి కాలి ఉంది. పక్కనే బక్కెట్లో రాము నీళ్ళు కాచుకునే హీటరు, ప్లగ్గులోనే ఉంది. వద్దని వందసార్లు చెప్పినా వినకుండా రాము హీటరు ప్లగ్గులోనే వదిలి పనికెళ్ళాడని యజమాని చెప్పాడు, పోలీసులు రాముని పట్టుకెళ్ళారు. ఈ రోజు పన్నెండింటికి బందరు కోర్టులో హాజరుపరుస్తారు.

"ఆ హీటరు పెట్టెలో పెట్టి తాళం వేశాకే పనికెళ్ళారండీ. ఆయన జైలుకెళ్తే ఆ నగల షాపులో మళ్ళీ రానివ్వరు. బంగారం పూతైనా బంగారమే కదండీ, జైలుకెళ్ళొచ్చినవాణ్ణి ఎవరు నమ్ముతారు?" అంది సుమ ఫోన్లో.

మాధవి గడియారం చూసుకుంది. ఎనిమిదీ నలభై. మూడు గంటల ఇరవై నిమిషాలుంది.

"మార్కండేయులు గారిని ఆఖరుసారి ఎప్పుడు చూశారండీ?" అని పూర్ణచంద్రరావుని అడిగింది.

"పదింటికమ్మా. వెనక పెరట్లో గుడ్డలు ఆరేసుకుంటున్నాడు. ఆఫీసర్లొచ్చే వేళ, ఆ పచ్చ గుడ్డలేంటయ్యా, తీసెయ్యి అన్నాను."

"తీశాడా?"

"ఆఁ, తీశాడు. పదీ ముప్పావుకి మొత్తం ఎత్తుకుని వెనక మెట్లెక్కాడు."

"ఆఖరుసారి పదింటికి చూశానన్నారే!"

పూర్ణచంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "అంటే... చూడటమంటే, ఎవరో చెప్పారమ్మా."

"ఎవరు?"

"గుర్తులేదు. హడావుడిలో ఉన్నాను. తనిఖీ అంటే మాటలా?"

ఆయన టీ కప్పు అందుకున్నాడు. అప్పుడు చూసింది మాధవి. రెండు చేతుల గోళ్ళూ, గోళ్ళ చుట్టూ చర్మమూ నల్లగా ఉన్నాయి. మురికి కాదు, మురికైతే అంత నిగనిగలాడదు.

"గోళ్ళకేమైందండీ?"

"జుట్టుకి రంగేసుకున్నానమ్మా, అదంటింది."

మాధవి ఆయన తల వంక చూసింది. నడినెత్తి నున్నగా ఉంది. చెవుల పైన మిగిలిన నాలుగు వెంట్రుకలూ పాలలా తెల్లగా ఉన్నాయి. ఇంత చేతకాని అబద్ధం విని ఆమెకి నవ్వు రావాలి, రాలేదు. తనని ఆయన మనిషి కింద లెక్కేయలేదని మాత్రం అర్థమైంది. ఏమీ అనకుండా లేచి మేడ మెట్లెక్కింది.

పైన వసారా పొడుగునా తనిఖీ ఆనవాళ్ళే. గోడకి నాలుగు చోట్ల ఎర్రరంగు గుండ్రాలు, ఒక్కో దాని మధ్య ఒక్కో మేకు. మంటలార్పే సిలిండర్లు నిన్న వాటికి వేలాడాయి. ఇవాళ లేవు. మరో ఊళ్ళో మరో ఇంటి తనిఖీకి అప్పుడే బయల్దేరి వెళ్ళిపోయి ఉంటాయి. గోడకి భద్రతా పోస్టర్లు, హుక్కులకి మూడు ఇసక బక్కెట్లు మాత్రం ఉన్నాయి. ఒకదాంట్లో వేలు పెట్టింది. అంగుళం లోతు ఇసక, కింద ఉండలు చుట్టిన పాత పేపర్లు. నిప్పు మీద ఈ బక్కెట్టు కుమ్మరిస్తే మంట ఇంకా బాగా లేస్తుంది. మాధవి వేలు రుమాలుతో తుడుచుకుంది, తుడిచాక ఇంకోసారి తుడుచుకుంది.

తొమ్మిదో గది పది అడుగులు లేదు. రెండు చెక్క మంచాలు, ప్లాస్టిక్ బక్కెట్టు, ప్లైవుడ్ తలుపు, చెక్క కిటికీ. హీటరు పోలీసుల దగ్గరుంది. మార్కండేయులు పడి ఉన్న చోట సుద్దముక్కతో గీత గీశారు. మంచం కింద రాము రేకు పెట్టె ఉంది, దాని తాళం విరిచి ఉంది. నేల పొడిగా ఉంది.

పక్క గది తలుపు దగ్గర ఓ పెద్దావిడ నిలబడి చూస్తోంది. ధనమ్మ, ఎనిమిదో నంబరు. ముప్పై ఏళ్ళుగా అద్దకం పని, అద్దిన గుడ్డల్ని కాలవలో జాడించే పని చేస్తోంది. మార్కండేయులుకి సగం పని ఆవిడే అందించేది.

"నిన్న ఏం జరిగింది పిన్నీ?"

"నాకేం తెలీదమ్మా. ఇల్లు బాగుంది, నీళ్ళు బాగున్నాయి, ఓనరు గారు దేవుడు."

"నేను తనిఖీకి రాలేదు. రాము తరఫున వచ్చాను."

"ఎవరి తరఫునైనా అదే మాట తల్లీ. బుధవారం సాయంత్రం అందర్నీ కూచోబెట్టి నేర్పారు. ఎవరడిగినా ఇదే చెప్పాలి, నోరు జారితే తెల్లారేసరికి సామాన్లు వీధిలో ఉంటాయన్నారు. ఈ వయసులో నాకెవరిస్తారమ్మా గది?"

ఆవిడ గుమ్మం మీద చెయ్యి ఆనించింది. మాధవి ఆ చేతిని చూసి ఆగిపోయింది. గోళ్ళు నల్లగా, నిగనిగలాడుతున్నాయి.

"పిన్నీ, మీ గోళ్ళు..."

"అద్దకం పనిలో అందరికీ అంతే. తుప్పు ఇనుమూ బెల్లమూ నానేసిన నీళ్ళతో నలుపు అద్దుతాం. గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతాం. కరక్కాయ పట్టిన గుడ్డకి ఇనుము తగిలితే నల్లగా మారిపోద్ది. చేతికైనా అంతే. వారం దాకా పోదు."

"తడి గుడ్డకా, ఆరినదానికా?"

"తడిగా ఉన్నప్పుడు తుప్పు తగిలితే ఇంక చూడక్కర్లేదు, క్షణంలో నలుపెక్కుద్ది. ఆరిపోతే ఏం కాదు."

"ఓనరు గారు అద్దకం పని చేస్తారా?"

ధనమ్మ గుమ్మం లోపలికి ఒక అడుగు వేసింది. మాధవి తొందరపెట్టలేదు. రాము భార్యకి నాలుగో నెలని, నిన్నటినుంచీ స్టేషన్ అరుగు మీదే కూచుందని మాత్రం చెప్పింది. ధనమ్మ వసారా అటూ ఇటూ చూసి లోపలికెళ్ళి, బియ్యం డబ్బా వెనకనుంచి ఓ మూట తెచ్చింది.

"మార్కండేయులు దగ్గర పడుంది ఇది. పోలీసులు పాత గుడ్డేలే అని వదిలేశారు. ఉతికి తుడుపుగుడ్డ చేసుకోమని ఓనరు గారు నాకిచ్చారు. చేతులు రాలేదమ్మా. వాడు ముంచిన ఆఖరు గుడ్డ."

లేత పసుపురంగు నూలు గుడ్డ, ఆరు గజాలుంటుంది. విప్పి మంచం మీద పరిచింది మాధవి. మధ్యలో నిలువుగా నాలుగు నల్ల చారలు, జానెడు జానెడు దూరంలో. వాటికి అడ్డంగా వెడల్పాటి పట్టీ ఒకటి. గుడ్డ రెండు కొసల్లో వేళ్ళ గుర్తులు, ఒక్కో కొసన ఒక్కో మనిషివి. అచ్చులతో అద్దినంత స్పష్టంగా ఉన్నాయి.

"ఎన్నిసార్లు ఉతికారు?"

"మూడుసార్లు. సబ్బుకి పోతే అది మా అద్దకం ఎలా అవుద్దమ్మా?"

"నిన్న ఎప్పుడు ముంచాడు?"

"పది కొట్టాక. పిండి ఆరేసేసరికి పదింబావు. నిన్నటి వడగాలికి ఎండలో ఉన్నా నీడలో ఉన్నా పదకొండున్నరకల్లా ఫెళఫెళలాడాలి. పదకొండున్నర దాటాక ఏ ఇనుముకి రుద్దినా ఈ మచ్చ రాదు."

తొమ్మిదో గదిలో తుప్పు పట్టిన ఇనుము మచ్చుకి కూడా లేదు. మాధవి గుడ్డ చుట్టి చంకన పెట్టుకుంది. "నాలుగు నిలువు ఊచలు, ఒక అడ్డపట్టీ. అలాంటిది ఇంట్లో ఎక్కడుంది పిన్నీ?"

ధనమ్మ గడ్డంతో వసారా చివరివైపు చూపించింది.

వసారా చివర వెనక మెట్లకి ఇనుప గేటు ఉంది. ప్రమాదం వస్తే జనం పారిపోవడానికి రెండో దారి ఉండాలని రూలు. ఏడేళ్ళుగా తాళం వేసి ఉన్న దాన్ని నిన్నటి కోసం తెరిచారు. ఆకుపచ్చ రంగు మెరుస్తోంది. మాధవి గేటు దాటి అవతల మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

అవతలివైపు రంగు లేదు. పొరలు పొరలుగా తుప్పు. ఆఫీసర్లు వసారాలోంచే చూస్తారు కాబట్టి వసారా వైపే రంగేశారు. ఒక డబ్బా రంగు మిగుల్చుకున్నారు. మాధవి ఇన్నేళ్ళలో మోసాలు చాలా చూసింది, కానీ ఇంత నీచంగా లెక్కేసుకున్న మోసం చూడలేదు. మనుషుల ప్రాణాలు కాపాడాల్సిన గేటుకి, చూసేవాళ్ళ కంటి మేరకే రంగు!

గేటు పైన 'అత్యవసర ద్వారం' అని బల్బు పెట్టిన బోర్డు ఉంది. వైరు జానెడు దగ్గర కోసేశారు. గోడకి క్లిప్పులు కొత్తవి, ఖాళీగా ఉన్నాయి. వరసగా చూస్తే ఆ వైరు గేటు పైపట్టీ మీద నుంచే లాగారని తెలుస్తోంది. పట్టీ మీద బియ్యపుగింజంత నల్లటి కాలిన గుంట ఉంది. గుడ్డ తెరిచి ఊచలకి ఆనించింది. నాలుగు చారలూ నాలుగు ఊచల మీద కూర్చున్నాయి.

ఎస్సై వెంకట్‌కి ఫోన్ చేసింది. "పది నిమిషాలు రండి. రాలేనంటే ఇదే గుడ్డ పట్టుకుని కోర్టుకే వస్తాను."

వెంకట్ పదీ యాభైకి వచ్చాడు. కుర్రవాడు, చెడ్డవాడు కాదు, కేసు తేలిగ్గా తేలితే చాలనుకునే రకం. అతని వెనకే పూర్ణచంద్రరావు, ఆయన వెనక ఇస్త్రీ చొక్కాతో ఇంకొకడు మెట్లెక్కి వచ్చారు. ఆ ఇంకొకణ్ణి మాధవి చూడగానే గుర్తుపట్టింది.

వంశీ. ఐదేళ్ళ క్రితం గుడివాడ ఏజెన్సీలో ఆమె భాగస్వామి. నిజం కనిపెట్టడంలో రూపాయి లేదని వెళ్ళిపోయి, ఇప్పుడు బందరు నుంచి నాగాయలంక దాకా అద్దె ఇళ్ళని తనిఖీకి తయారుచేసి పెడుతున్నాడు. సిలిండర్లు, ఇసక బక్కెట్లు, బోర్డులు, పోస్టర్లు, జవాబులు, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ.

"ఇంకా గుడ్డలు వాసన చూస్తూనే ఉన్నావా మాధవీ?" అన్నాడు నవ్వుతూ.

"నువ్వు వేయించిన సున్నం కంటే ఇదే నయం వంశీ. ఇసక బక్కెట్లో పేపర్లు కుక్కావు, సిగ్గులేదూ?"

"నిండా ఇసక పోస్తే హుక్కు ఊడిపోతుంది. గోడలు అలాంటివి."

తన మాటలో తప్పేముందో అతనికి తెలియనే లేదు. మాధవి వెంకట్ వైపు తిరిగింది. ధనమ్మ చెప్పిందంతా చెప్పి, ఆవిడ దగ్గర తెచ్చిన చెంబులో గుడ్డ కొస తడిపింది. ముందు వసారా వైపు ఆకుపచ్చ ఊచకి నొక్కింది. ఏం కాలేదు. అదే కొసని అవతలివైపు తుప్పుకి నొక్కి పట్టుకుని మెల్లగా పది లెక్కపెట్టి తీసింది. కొత్త నల్ల చార పడింది.

వెంకట్ వంగి చూశాడు. "అంటే... చనిపోయింది గదిలో కాదు?"

"ఇక్కడ. వీళ్ళ బోర్డు బల్బు వెలిగించి చూసుకుంటుంటే వైరు గేటుకి తగిలింది. వెనక మెట్లెక్కి తడి గుడ్డల్తో వచ్చిన మనిషి గేటు తోశాడు. తర్వాత ఇద్దరు మనుషులు తుప్పు చేతులతో, ఈ గుడ్డలోనే ఆయన్ని మోశారు. ఆ హీటరు తర్వాత పెట్టిన నాటకం. రాము పెట్టె తాళం విరిచి ఉంది, వెళ్ళి చూడండి. పూర్ణచంద్రరావు గారూ, చేతులు ఒకసారి చూపించండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వెంకట్ మొహం మారింది. "చూపించండి" అన్నాడు.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు వంశీ. "కథ బాగుంది. కానీ గుడ్డ తడిగా ఉన్నప్పుడే అంటోంది కదా, అంటే పదకొండున్నర లోపే. తనిఖీ వాళ్ళు పదకొండింటి నుంచి పదకొండూ నలభై దాకా ఈ ఇంట్లోనే ఉన్నారు. పదీ ముప్పావు నుంచి నేను వీధి మొదట్లో వాళ్ళ జీపు కోసం నిలబడ్డాను, లోపలికి తీసుకొచ్చింది నేనే. ప్రతి గదీ చూశారు, పెరడూ, మేడా చూశారు. మరి శవం ఎక్కడుంది? గాల్లో ఉందా?"

అది మాధవి కూడా ఇంకా తేల్చుకోని ప్రశ్నే.

వంశీ ఫోన్ తీశాడు. "తనిఖీ మొత్తం వీడియో తీయాలని వాళ్ళకి రూలు. ఎక్కడా కట్ లేదు. అసలు కాపీ నిన్ననే అడిగి తీసుకున్నాను. టైము కూడా పడుతుంది, చూసుకోండి సార్."

నలుగురూ ఫోన్ చుట్టూ మూగారు. ధనమ్మ తన గుమ్మంలోనే నిలబడింది. తెర మీద పదకొండూ ఇరవై రెండు. వసారా, మేకులకి సిలిండర్లు, ఎర్ర బక్కెట్లు. తొమ్మిదో గది తలుపు తెరిచారు. రెండు మంచాలు, ఖాళీ. హీటరు లేదు.

"చూశారా?" అన్నాడు వంశీ.

"హీటరు లేకపోవడం చూశాను" అంది మాధవి. "సౌండు పెంచు."

వంశీ విసుగ్గా పెంచాడు. అడుగుల చప్పుడు, కాగితాల చప్పుడు, ఎవరో దగ్గడం. కెమెరా గేటు వైపు నడిచి, దారిలో గోడకి అతికించిన భద్రతా పోస్టర్ల మీదికి తిరిగింది. అప్పుడు వినబడింది.

టక్. టక్. టక్.

కెమెరా ఆగింది. ఆఫీసరు గొంతు: "ఏంటండీ ఆ చప్పుడు?"

వెంటనే, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, వంశీ గొంతు: "పైన ట్యాంకు దగ్గర ప్లంబరు పని చేస్తున్నాడు సార్. ఈ పూటతో అయిపోతుంది."

"ఓహో. రాసుకోండి, నీటి వసతి బాగుంది."

ఎవరో నవ్వారు. కెమెరా గేటు వైపు కదిలింది. వెనక నుంచి మళ్ళీ టక్, టక్. ఈసారి కొంచెం మెల్లగా.

"ప్లంబరు పేరేంటి వంశీ?" అంది మాధవి.

వంశీ చేతిలో వీడియో ఇంకా నడుస్తోంది.

"పేరు చెప్పు. పిలిపిద్దాం."

"ప్లంబరు లేడు" అన్నాడు వంశీ. "ఏదో పైపు చప్పుడనుకున్నాను. ఆఫీసరు అడిగితే వెంటనే ఏదో ఒకటి చెప్పాలి మాధవీ. అదే నా పని. నాకు తెలీదు. ఒట్టు, నాకేం తెలీదు."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకి తెలిసింది. దాంతో ఇంకా రోత పుట్టింది. తెలిసి చేసినవాణ్ణి తిట్టుకోవచ్చు. వీడు తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

"ఆ పోస్టర్ల గోడ..." అన్నాడు వెంకట్.

"అది గోడ కాదు బాబూ" అంది ధనమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా మాట ఆపలేదు. "అక్కడ గదుంది. పదో నంబరు. కిటికీ లేదు, గాలి లేదు. దానికీ ఇన్నాళ్ళూ అద్దె తీసుకున్నారు. ఆఫీసర్లు చూస్తే ఒప్పుకోరని బుధవారం అందులో ఉండే కుర్రాళ్ళని పంపేసి, చెక్క కొట్టి సున్నం వేశారు. నిన్న ఆ చప్పుడు నేనూ విన్నాను. ఆఫీసర్లేదో కొట్టి చూస్తున్నారనుకున్నా. నా ఖర్మ, నేను బయటికొచ్చి చూడలేదు. గదిలోంచి కదలొద్దన్నారని కూచున్నా."

వెంకట్ కింద ఉన్న కానిస్టేబుల్‌ని పిలిచి పోస్టర్లు చింపించాడు. కింద ప్లైవుడ్ పలక, చుట్టూ స్క్రూలు. వాటి తలలన్నిటికీ సున్నం రాలిపోయి ఉంది, విప్పి మళ్ళీ బిగించారు. పలక తీసేసరికి లోపల్నించి వేడి గాలి మొహానికి కొట్టింది. మాధవి టార్చి వేసింది. నాలుగడుగుల వెడల్పు గది. నేల మీద పసుపుపచ్చని మరకలు. ఆమె పలకని తిప్పి చూసింది.

లోపలివైపు స్క్రూల మొనలు చెక్కలోంచి పైకొచ్చి ఉన్నాయి. కింది వరస మొనల్లో ప్రతి దాని చుట్టూ వేలెడు నల్ల మచ్చ. కరక్కాయ నీళ్ళు అంటిన చేతులతో, చీకట్లో, పలక అంచు ఎక్కడుందో ఒక్కో స్క్రూ తడుముకుంటూ వెతికాడు మార్కండేయులు. పైవరస దాకా లేవలేకపోయాడు.

"షాకుకి పోలేదు" అంది మాధవి. "స్పృహ తప్పాడు. బతికుండగానే ఇందులో పెట్టి బిగించారు. ఊపిరాడక పోయాడు."

వెంకట్ స్టేషనుకి ఫోన్ చేశాడు. "రాముని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. సంకెళ్ళు తీసెయ్యండి. వాళ్ళావిణ్ణి లోపలికి పిలిచి కూచోబెట్టి, ఏదైనా తినిపించండి." ఫోన్ పెట్టేసి పూర్ణచంద్రరావు మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. నల్లటి గోళ్ళు అందరూ చూశారు.

"జీపు వీధి మొదట్లోకి వచ్చేసిందండీ" అన్నాడు పూర్ణచంద్రరావు. బతిమాలుతున్నట్టు లేదు, న్యాయం చెప్పుకుంటున్నట్టుంది. "నేనూ, మా డ్రైవరూ కరెంటు ఆపి లాగేశాం. కదల్లేదు. పోయాడనే అనుకున్నాం. ఎవరైనా అదే అనుకుంటారు. ఆ టైములో ఇంకెక్కడ పెట్టను?"

"చప్పుడు విన్నప్పుడు?" అంది మాధవి. "అప్పుడైనా తెలిసింది కదా, పోలేదని?"

వంశీ చేతిలో వీడియో ఇంకా ఆగలేదు. తనిఖీ వాళ్ళు కిందికి దిగారు, కొబ్బరిబోండాలు తాగుతున్నారు. వాళ్ళతో పాటు ప్రథమ చికిత్స పెట్టె తెచ్చిన అగ్నిమాపక మనిషి ఒకడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. టైము పదకొండూ ముప్పై ఆరు.

పూర్ణచంద్రరావు తల దించలేదు. ఇంత చిన్న విషయం ఈవిడకి ఎందుకు అర్థం కావడం లేదన్నట్టు చూశాడు.

"తెలిసిందమ్మా" అన్నాడు. "కానీ అప్పటికి ఇంకొక్క సంతకమే మిగిలింది."